వదిన చేతి మంగు మందు

మౌలాలి రైల్వే కాలనీ,
సికింద్రాబాద్.
9 అక్టోబరు 2004

అనకాపల్లి మహారాణి మా వదినగారి సముఖానికి,

మరదలు కాంతమణి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడి క్షేమం తరవాత అడుగుతాను, ముందు నా సంగతి విను. నిన్నటినుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. నా మొహం మీద మంగు పోతుందట వదినా. లేజరుతో పోగొడతారట.

మా పూజితకి మాదాపూర్ కంపెనీలో మొదటి జీతం వచ్చింది. అమ్మకి పట్టుచీర కొంటుందనుకుని నేను జాకెట్టు రంగు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇదేమో అన్నం తింటూ తింటూ, చీర కాదమ్మా, నీ మొహం మీద మచ్చలు తీయించేస్తాను అంది. వాళ్ల ఆఫీసులో పక్క సీటు అమ్మాయి తల్లి చేయించుకుందట. ప్యారడైజ్ దగ్గర ఒక డాక్టరమ్మ ఉందట. ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాను. చీర పోయినందుకని అనుకుంది పిచ్చిపిల్ల.

ఈ మంగు నాకు ఎప్పుడు పట్టిందో నీకు తెలుసు కదా. దీన్ని కడుపుతో ఉన్నప్పుడే రెండు బుగ్గలూ నల్లబడ్డాయి. నువ్వే తెచ్చావు, నువ్వే పోగొట్టు అన్నాను దానితో. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ వదినా, నీకు కాబట్టి చెబుతున్నాను, రైలు పాసుకి ఫొటో దిగిన ప్రతిసారీ ఆ ఫొటో ఆయన "మేడమ్, మొహం జెర తుడుచుకోండి" అంటాడు. తుడుచుకున్నట్టు నటించి కూర్చుంటాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇంక ఆ మాట వినక్కర్లేదంటే ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు.

ఒక్క షరతు. మీ తమ్ముడుగారికి తెలియకూడదు. ఆయన కళ్లకి లోకో షెడ్డులో ఇంజిన్ల మీద గీత పడితే కనిపిస్తుంది, పెళ్లాం మొహం కనిపించదు. మంగు వచ్చినప్పుడూ గమనించలేదు. పోయినప్పుడైనా గమనిస్తారా లేదా అని పూజితా నేనూ పందెం కాశాం. ఫోను హాల్లో ఆయన కుర్చీ పక్కనే ఉంటుంది కాబట్టి ఈ సంగతులన్నీ ఉత్తరాల్లోనే. మా కాలనీ బిక్షం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ బోగీ చూసుకుంటాడని నీకు తెలుసు కదా. కవరు అతని చేతికిస్తున్నాను. మేనల్లుడు సూరిని స్టేషనుకి పంపి తీసుకోమను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

సుధ పురిటికి వచ్చిందా? దానికి ఏం తినాలనుందో అడిగి రాయి.

ఇట్లు,
కొత్త మొహం కోసం ఎదురుచూస్తున్న
నీ కాంతం


అనకాపల్లి
17 అక్టోబరు 2004

చి. సౌ. కాంతానికి,

అప్పలలక్ష్మి వదిన దీవెనలు. నీ ఉత్తరం చదివి ముందు మురిసిపోయాను, తరవాత భయపడ్డాను, ఆ తరవాత కోపం వచ్చింది. వరసగా రాస్తాను.

మురిసింది పూజిత గురించి. నా మేనకోడలు బంగారం.

భయపడింది లేజరు గురించి. లేజరంటే మాకు తెలీదనుకోకు. మీ అన్నయ్య కిడ్నీలో రాయిని విశాఖపట్నంలో లేజరుతోనే పేల్చారు. అంత రాయీ పిండయిపోయింది. రాయిని పిండి చేసిన దీపాన్ని తీసుకొచ్చి చెంప మీద పెట్టించుకుంటావా? మీ అన్నయ్యని అడిగితే "అది వేరు, ఇది వేరులేవే" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి రాయి పోయినప్పటినుంచి దేనికీ భయం లేదు.

కోపం వచ్చింది ఎందుకంటే, ఉత్తరం అంతా వెతికాను, నా మందు గురించి ఒక్క ముక్క లేదు. ఏడాదికి రెండుసార్లు జాజికాయ బిళ్లలు కట్టి పంపుతున్నది ఎవరికి? మా అమ్మ, అంటే మీ అత్తగారు, పోయేముందు గంధపు సాన నా చేతిలో పెట్టి, "నీ హస్తవాసి మంచిది, అడిగినవాళ్లకి లేదనకు" అంది. ఇప్పటిదాకా ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకుండా ఇస్తున్నాను. ఈ వీధిలో మంగు పట్టిన ఆడది నా గుమ్మం తొక్కకుండా ఉందా? నీకు పూర్తిగా పోకపోవచ్చు. కానీ ఇంకా పెరగకుండా పట్టి ఉంచింది నా మందే అని మర్చిపోకు.

సరే, లేజరుకి వెళ్లొద్దనను. వెళ్లేముందు చర్మాన్ని సిద్ధం చెయ్యాలి. సూరి పూర్ణా మార్కెట్ నుంచి మంచి జాజికాయలు తెచ్చాడు. కొత్త బిళ్లలు కట్టి బిక్షం చేతికిస్తున్నాను. ఎలా వాడాలో తెలిసినా మళ్లీ చెబుతున్నాను, నీకు తొందరెక్కువ. నిమ్మరసంతో అరగదీసి దట్టంగా రాసుకో. డాబా ఎక్కి పొద్దుటెండలో కూర్చో. పూత బీటలు వారేదాకా లేవకు. నీడలో ఆరితే ఉత్త పిండి, ఎండలో ఆరితేనే మందు. నేనూ రోజూ వాటర్ ట్యాంకు పక్కన నా చోట్లో కూర్చుంటూనే ఉన్నాను. నాకు ఎడమ చెంప బాగా తేలింది. కుడి చెంపే మొండికేస్తోంది, అందుకని కుడివైపు ఇంకాస్త దట్టంగా పట్టిస్తున్నాను.

సుధ వచ్చింది. ఆరో నెల. చింతచిగురు అడుగుతోంది, ఈ కాలంలో చింతచిగురు ఎక్కడినుంచి తేను?

ఇట్లు,
వదిన


మౌలాలి
31 అక్టోబరు 2004

వదినా,

వెళ్లొచ్చాను. ఆదివారం కాబట్టి మీ తమ్ముడుగారు పడుకున్నారు. గుడికని చెప్పి ఇద్దరం ఆటో ఎక్కాం. దోవలో గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నాంలే, అబద్ధం కాకుండా.

మేడ మీద క్లినిక్కు. అద్దాల తలుపు తొయ్యాలో లాగాలో తెలీక నేను నిలబడితే అది తనంతట తనే తెరుచుకుంది. లోపల నాలాంటివాళ్లే కూర్చుని ఉన్నారు వదినా. అది చూసి నాకెంత ధైర్యం వచ్చిందో. తిరుమలగిరినుంచి ఒక మిలిటరీ ఆఫీసరు భార్య వచ్చింది, మంచి ఒడ్డూ పొడుగూ మనిషి, ఆవిడకీ సరిగ్గా నాలాగే రెండు బుగ్గల మీదా. ఒకరి మొహం ఒకరం చూసుకుని చుట్టాల్లా నవ్వుకున్నాం. ఆవిడకి తెలుగు రాదు, నాకు హిందీ అంతంత మాత్రం. అయినా మచ్చ ఎప్పుడొచ్చిందో, పిల్లలెందరో అన్నీ మాట్లాడేసుకున్నాం.

డాక్టరమ్మ పేరు కల్పలత. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. భూతద్దం ఉన్న దీపం పెట్టి నా బుగ్గలు చాలాసేపు చూసింది. పక్కగదిలో లేజరు మిషను ఉంది, కుట్టు మిషనులాగా దానికి గుడ్డ కప్పి పెట్టారు. నా కళ్లన్నీ దాని మీదే. కానీ ఇప్పుడే వెయ్యనంది. రెండు మూడు నెలలపాటు ఎండ తగలకూడదు. బయటికెళ్తే తెల్లక్రీము రాసుకోవాలి, మొహానికి గుడ్డ చుట్టుకోవాలి, గొడుగు వేసుకోవాలి. తొందరపడి ఇప్పుడే దీపం వేస్తే మంగు ఇంకా నల్లబడుతుందట. మచ్చ కాస్త శాంతించాక చిన్న మోతాదులో వేస్తానంది.

ఇప్పటిదాకా మొహానికి ఏమేం రాశారని అడిగింది. చెప్పాను. విని ఒక మాట అంది. అది ఉత్తరంలో రాసేది కాదు, ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను.

వదినా, బిళ్లలు అందాయి. ఇంక పంపకు. నా దగ్గర చాలా ఉన్నాయి. పైగా అరగదీసి అరగదీసి నీ చేతులు నొప్పి. నువ్వు కూడా ఆ ఎండలో కూర్చోవడం కాస్త తగ్గించు. డాక్టరమ్మ ఇచ్చిన తెల్లక్రీము ట్యూబు ఒకటి నీకూ కొని పంపుతున్నాను. పొద్దున్నే రాసుకో, బాగుంటుంది.

సుధకి బిక్షం చేత ఉస్మానియా బిస్కెట్లు పంపుతున్నాను. చింతచిగురు ఇక్కడా లేదు.

ఇట్లు,
కాంతం


అనకాపల్లి
21 నవంబరు 2004

చి. సౌ. కాంతమణికి,

కాంతం అని రాయడం లేదు, గమనించు.

బిస్కెట్లు సుధ మూడు రోజుల్లో అవగొట్టింది. ట్యూబు అందింది. వాసన బాగుంది. నా బిళ్ల అరగదీసి, అందులో ఓ వేలెడు క్రీము కలిపి రాసుకుని ఎండలో కూర్చున్నాను. జిడ్డుగా జారుతుందే గానీ ఎంతకీ ఆరదు. అది ఆరడం కోసం ఇంకాసేపు కూర్చున్నాను. పట్నం మందుకి ఓపిక ఎక్కువ కావాలి కాబోలు.

ఇక అసలు మాట. నా చేతులు నొప్పని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పానా? బిళ్లలు పంపవద్దని ఎందుకన్నావో నాకు తెలుసు. అద్దాల తలుపు క్లినిక్కులో, ఇంగ్లీషు చదివిన డాక్టరమ్మ ముందు, మా వదిన నూరిన మందండీ అని చెప్పడానికి నీకు నామోషీ అయింది. ఆవిడ నవ్వి ఉంటుంది. ఉత్తరంలో రాయలేని మాట అదే. నవ్వనీ. మా అమ్మ చేతిమందు ఆవిడ నవ్వితే చెడిపోదు. నవ్వినావిడ పక్కన నువ్వూ చేరావని నా బాధ.

చిన్నప్పుడు ఒకే వీధిలో గుజ్జనగూళ్లు ఆడుకున్నాం. నిన్ను మా తమ్ముడికి చేసుకోమని అమ్మ వెంటపడింది నేను. ఆ చనువుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

బిళ్లలు మళ్లీ పంపుతున్నాను. వాడితే వాడు, లేకపోతే అటక మీద పెట్టు.

అప్పలలక్ష్మి


మౌలాలి
23 జనవరి 2005

వదినా, వదినా,

కోపం తీరిందా? సుధకి ఆడపిల్ల పుట్టిందని సూరి ఫోను చేసినప్పుడు నువ్వు కూడా ఫోనులో రెండు మాటలు మాట్లాడావు కాబట్టి తీరిందనే అనుకుంటున్నాను. పాప ఎవరి పోలిక? నా పోలికైతే ఇప్పుడు భయం లేదు. ఎందుకంటే నిన్న నాకు లేజరు వేశారు.

ఎలా ఉంటుందో చెబుతాను విను. ముందు బుగ్గలకి చల్లటి జెల్లు రాశారు. కళ్లకి ఇనప రేకు కళ్లజోడు పెట్టారు. అంతా చీకటి. డాక్టరమ్మ "భయపడకుండ్రి అమ్మా, గంతే, అయిపోతది" అంటూనే మొదలుపెట్టింది. టక్కు టక్కుమని చప్పుడు. చెంప మీద రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చిన్న చురక. వెంట్రుక కాలిన వాసన. నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టాను, సగం కాకుండానే అయిపోయింది. మీ అన్నయ్య రాయి పేల్చినట్టు కాదు వదినా, చీమ కుట్టినట్టు. లేచి అద్దంలో చూసుకుంటే బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, సాయంత్రానికి సర్దుకున్నాయి. ఇంకా కొన్నిసార్లు వెయ్యాలట.

ఇంకో విశేషం. లేజరు వెయ్యకముందే మంగు సగానికి సగం తగ్గింది. నాకే నమ్మకం కుదరక పాత పాసు ఫొటో పక్కన పెట్టుకుని చూసుకున్నాను. పూజిత నన్ను అద్దం దగ్గరనుంచి లాక్కురావాల్సి వస్తోంది.

మొహానికి స్కార్ఫు చుట్టుకుని కళ్లు మాత్రం కనబడేలా తిరుగుతున్నాను, ఇక్కడ స్కూటీల మీద వెళ్లే కాలేజీ పిల్లల్లాగా. మొన్న బస్టాపులో మీ తమ్ముడుగారు నా పక్కకే వచ్చి నిలబడ్డారు. గుర్తుపట్టలేదు. బస్సు రాగానే "మీరు ఎక్కండమ్మా" అని మర్యాదగా తప్పుకున్నారు. ఎక్కేశాను. ఇంటికొచ్చి, ఈ కాలం ఆడపిల్లలు మొహాలు చుట్టుకుని తిరుగుతున్నారేమిటే అని నాతోనే అన్నారు. నేను పచ్చడి నూరుతూ ఊఁ కొట్టాను. పందెం ఇంకా తేలలేదు.

నీ మందు అంటే నాకు ఎప్పుడూ చిన్నచూపు లేదు. డాక్టరమ్మ నవ్వలేదు, నేను అసలే నవ్వలేదు. నువ్వు పంపిన బిళ్లలన్నీ దేవుడి గూట్లో భద్రంగా ఉన్నాయి. ఈ మాట నమ్ము.

ఇట్లు,
బస్సులో పరాయి ఆడది,
నీ కాంతం


అనకాపల్లి
20 ఫిబ్రవరి 2005

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మా కాంతానికి,

నిండు నూరేళ్లు చల్లగా ఉండు. నీ ఉత్తరం నాకెంత గౌరవం తెచ్చిందో నీకు తెలీదు.

లేజరు వెయ్యకముందే మంగు సగం తగ్గిందని రాశావు. మరి తగ్గించింది ఎవరు? నేను మీ అన్నయ్యని అదే అడిగాను. దీపం వెయ్యలేదు, మంగు తగ్గింది. మధ్యలో ఏముంది? నా బిళ్ల ఉంది. ఆయన కూడా కాదనలేకపోయారు. అలిగి పంపిన బిళ్లలు నువ్వు అంత భక్తిగా దేవుడి గూట్లో పెట్టుకుని వాడావని తెలిసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నిన్ను అనవసరంగా మాటలన్నాను, మనసులో పెట్టుకోకు.

నీ ఉత్తరంలో ఆ ముక్క వీధిలో అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు మా డాబా చూడాలి నువ్వు. పొద్దున్నే మంగు పేరంటం. ఎదురింటి రోసమ్మ, పాలకేంద్రం డోరా, వాళ్ల తోడికోడళ్లు, అందరూ పూతలు పూసుకుని వరసగా కూర్చుంటున్నారు. సికింద్రాబాదులో లేజరు డాక్టరు కూడా తగ్గించలేనిది నా హస్తవాసికి తగ్గిందని చెప్పుకుంటున్నారు. నేను అంతలేదు అంటున్నాను గానీ, లోపల నాకు పొంగిపోతోంది. ఎందుకు దాచాలి, నీ దగ్గర.

మరో సంగతి. సుధకి కూడా ఈ పురుడుతో మంగు దిగింది. బుగ్గల మీద, పైపెదవి మీద. మూడో నెల వెళ్లగానే అత్తవారింటికి పంపాలి. ఆలోగా మొహం తేటగా చేసి పంపాలని పదిరోజులుగా నేనే స్వయంగా రాసి కూర్చోబెడుతున్నాను. చెవుల్లో దూది పెట్టి, పాపని ఒళ్లో పెట్టి, నా పక్కనే. మంట పుడుతోందమ్మా, కిందికి పోతాను అంటుంది. మంట పుడితే మందు పట్టిందన్నమాట, ఊరుకోవే అంటున్నాను. కాంతం అత్త మొహం చూడు, నీకూ అలాగే అవుతుంది అని నీ పేరు చెప్పి కూర్చోబెడుతున్నాను.

మా తమ్ముడు గమనించాడా?

ఇట్లు,
గర్వంతో,
మీ వదిన


మౌలాలి
23 ఫిబ్రవరి 2005

వదినా,

ఈ ఉత్తరం చదివేముందు సుధని డాబా మీదనుంచి కిందికి దింపు. దింపి, మొహం చల్లటి నీళ్లతో కడిగించి, అప్పుడు చదువు.

నేను బిళ్లలు వాడలేదు. అక్టోబరు చివర్లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చిన రోజునుంచి ఒక్కసారి కూడా వాడలేదు. దేవుడి గూట్లో పెట్టింది నిజం. పారెయ్యడానికి చేతులు రాక పెట్టాను.

ఆ రోజు మొహానికి ఏం రాసేవారని అడిగితే జాజికాయ, నిమ్మరసం, ఎండ అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నా బుగ్గ మీంచి చెయ్యి తీసేసి "ఎండల కూసోమని ఎవరు చెప్పిన్రమ్మా మీకు?" అని అడిగింది. నిమ్మరసం రాసిన చర్మం మీద ఎండ పడితే నల్లబడుతుందట. అసలు మంగుకి ఎండే శత్రువట. అది పెరగకుండా మందు ఆపలేదు వదినా, ఆ పూతా ఎండా కలిసి దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచాయి. నేను మానిందీ ఆ రెండే. అందుకే లేజరు వెయ్యకముందే సగం తగ్గింది.

ఎవరు చెప్పారని ఆవిడ రెండోసారి అడిగితే, ఎవరో చెప్పారండీ, గుర్తులేదు అన్నాను. నీ పేరు చెప్పలేదు. నా నోటితో నీ పేరు ఆ మాట పక్కన పెట్టలేకపోయాను. నీకు కూడా చెప్పలేక చేతులు నొప్పనీ, చాలా ఉన్నాయనీ తిప్పి తిప్పి రాశాను. నువ్వు నొచ్చుకుంటావని భయపడ్డాను. నా భయం తీసుకెళ్లి సుధని ఎండలో కూర్చోబెట్టింది.

ఈ రోజు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి అడిగొచ్చాను. కాన్పుతో వచ్చిన మంగు ఏమీ చెయ్యకుండా వదిలేస్తే చాలామందికి నెలల్లో అదే పోతుందట. ఎండ తగలకుండా చూసుకుంటే చాలట. దాని మొహానికి ఇంకా ఏమీ కాలేదు, నాలాగా ఇరవై ఏళ్లు మోయక్కర్లేదు. దయచేసి దింపు. నన్ను తిట్టు, మాట్లాడకు, ఏమైనా చెయ్యి. దాన్ని మాత్రం దింపు.

కాంతం


మౌలాలి
13 మార్చి 2005

వదినకి,

బిక్షం రెండు ట్రిప్పులు ఉత్తచేతులతో వచ్చాడు. మొదటిసారి సూరి స్టేషనుకే రాలేదట. రెండోసారి వచ్చి దూరంగా నిలబడ్డాడట. "కవరేం ఇయ్యలేదమ్మా. గిట్ల చెయ్యి ఊపిండు, పోయిండు" అన్నాడు బిక్షం. ఫోను చేస్తే అన్నయ్యగారు ఎత్తి అందరూ కులాసా అంటున్నారు, నిన్ను పిలవడం లేదు. సుధ సంగతి అడగబోతే మీ తమ్ముడుగారు పక్కనే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను.

పందెం తేలింది. మొన్న భోజనం దగ్గర ఆయన నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. పూజిత నన్ను కాలితో పొడిచింది. "ఏటే, అలా పాలిపోయావు? ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు. పూజిత నవ్వు ఆపుకోలేక పళ్లెం పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఇది రాసి నిన్ను నవ్వించాలని ఎన్ని నెలలనుంచి దాచుకున్నానో. తీరా ఇప్పుడు రాస్తుంటే నువ్వు చదువుతావో లేదో కూడా తెలియడం లేదు.

తరవాత ఆయనకి అంతా చెప్పేశాను. మా అక్క మందు గురించి మా అక్కకి నువ్వే చెప్పావా అని అడిగారు. అవునన్నాను. మంచి పని చేశావు, కానీ అది తట్టుకోవడం కష్టం అన్నారు.

నా మొహం బాగుపడింది వదినా. నువ్వు చూడకపోతే నాకు దీని మీద సంతోషం లేదు.

కాంతం


అనకాపల్లి
19 మార్చి 2005

కాంతానికి,

నీ ఫిబ్రవరి ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టబోయాను. సుధ లాక్కుంది.

నువ్వు చెప్పినట్టు దాన్ని కిందికి దింపి మొహం కడిగించాకే చదివాను. చదివాక మళ్లీ ఎక్కిద్దామనుకున్నాను. అంత కోపం వచ్చింది. మా అమ్మ అబద్ధమా, నేను అబద్ధమా, ఇన్నేళ్లు ఇంటికొచ్చి మొక్కినవాళ్లు అబద్ధమా అని ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. సూరికి, ఆ బోగీ అతను కనిపించినా కవరు ఇవ్వకు, తీసుకోకు అని చెప్పింది నేనే. వాడి తప్పు లేదు.

తెల్లారి ఎప్పటిలాగే పూత కలిపి డాబా ఎక్కాను. ట్యాంకు పక్కన నా చోట్లో కూర్చున్నాను. చేతిలో అద్దం ఉంది. ట్యాంకు నీడ నా ఎడమ చెంప మీద పడింది కాంతం. కుడి చెంప మీద ఎండ. ఇన్నేళ్లుగా ఎడమ చెంప తేలుతోంది, కుడిది మొండికేస్తోంది అని నేనే అందరికీ చెబుతున్నాను. మందు రెండు చెంపలకీ ఒకటే. కుడివైపు ఇంకా ఎక్కువ. నీ డాక్టరమ్మ చెప్పక్కర్లేకపోయింది, నా మొహమే చెప్పింది. పూత రాసుకోకుండానే దిగి వచ్చేశాను.

ఆ తరవాత చాలా రోజులు ఉత్తరం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఊరికే కూర్చోలేదు. మందు ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి బిళ్లలు వెనక్కి అడిగాను. ఇచ్చిన మందు వెనక్కి అడిగిన మనిషిని ఈ ఊళ్లో నన్నే చూశారు. డోరా నాలుగు మాటలు అంది. పడ్డాను. రోసమ్మ అయితే ఇవ్వనే ఇవ్వదు, నాకు తగ్గుతోంది, నువ్వెవరు వద్దనడానికి అంటుంది. రోజూ వెళ్లి బతిమాలుతున్నాను. ఇవ్వకపోయినా కనీసం నీడలో కూర్చోవే అని చెప్పి వస్తున్నాను. ఇప్పుడు మా డాబా మీద వడియాలు ఆరుతున్నాయి.

సుధ నీడపట్టున ఉంటోంది. నువ్వు పంపిన ట్యూబులో మిగిలింది దానికే ఇచ్చాను. కలిపి పాడుచేసినంత చేశాను కదా, అడుగున కొంచెమే ఉంది. మచ్చ ఇంకా ఉంది గానీ ఆ ఎర్రదనం తగ్గింది. మంట పుడుతోందమ్మా అని అది అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. సాన మీద పాపకి వసకొమ్ము అరగదీయబోయి ఆగిపోయాను. అదీ అడిగాకే.

మా తమ్ముడు పాలిపోయావన్నాడా. నవ్వాను. ఆ ముక్క మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే ఆయనా నవ్వారు. నేను ఇంట్లో నవ్వి చాలా రోజులైందట.

నువ్వు డాక్టరమ్మ దగ్గర నా పేరు దాచావు. ఆ మాట దగ్గర మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఇంక దాచకు. సుధనీ పాపనీ తీసుకుని నేనే వస్తున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, అమ్మా, ఎండలో కూర్చోమన్నది నేను, నా పేరు అప్పలలక్ష్మి, నా మాట విని కూర్చున్నవాళ్లు మా వీధి నిండా ఉన్నారు, వాళ్లకేం చెప్పమంటావు అని అడుగుతాను. ఆవిడ చెప్పింది వచ్చి ఇంటింటికీ చెబుతాను. బిళ్లలు అడిగినవాళ్లకి లేదనకుండా ఇచ్చాను కదా, ఇదీ అలాగే.

వచ్చే శుక్రవారం సాయంత్రం గోదావరికి సూరి టిక్కెట్లు తీశాడు. గొడుగులు మేమే తెచ్చుకుంటాం. సికింద్రాబాదు స్టేషనుకి బండి తెల్లారకముందే వస్తుంది కదా, అప్పటికి ఎండ ఉండదు. ఆ స్కార్ఫు తీసేసి ప్లాట్‌ఫారం మీద దీపం కింద నిలబడు. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. బండి ఆగకముందే నీ మొహం చూడాలి నాకు.

వదిన